మందారానికి కొబ్బరి వైద్యం

కునుకు పట్టిన కన్యకాపరమేశ్వరి చెంపను ఏదో గీరింది. కళ్ళు తెరిచి చూస్తే మందారం ఆకు. మధ్యంతా పచ్చగానే ఉంది గాని, కొస మాత్రం నిప్పుల మీద మాడిన అప్పడం అంచులా గోధుమరంగుకు తిరిగి, పెళుసెక్కి, ముల్లులా ముడుచుకుపోయింది. గీరింది ఆ కొసే. శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళే బస్సులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆమె సీటు పక్కన, నడవలో నేలమీదే ఒక ముసలాయన కూర్చున్నాడు. గోనెపట్టా చుట్టిన మట్టికుండీని రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని, మొక్క మొదలును రెండు చేతులా పట్టుకున్నాడు. బస్సు కుదుపుకి మొక్క ఊగినప్పుడల్లా ఆయనా దాంతోపాటే ఊగుతున్నాడు.

"తాతా, ఆ కుండీకి లగేజీ టిక్కెట్టు తియ్యాల," అన్నాడు కండక్టరు.

"మందారం ఆడకూతురే కదండీ, ఫ్రీ కాదేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఆధార్ కార్డు సూపించమను. ఇప్పుడే జీరో టిక్కెట్టు కొడతాను."

బస్సంతా నవ్వింది. పరమేశ్వరికీ నవ్వొచ్చింది. ముసలాయన నవ్వలేదు. జేబులోంచి నోటు తీసి కండక్టరు చేతిలో పెట్టి, మళ్ళీ మొక్కను పట్టుకున్నాడు.

పరమేశ్వరి నరసన్నపేటలో కిరాణా కొట్టు చంద్రమౌళి భార్య. పొద్దస్తమానం కొట్లో కూర్చునే మనిషికి ఎదుటివాళ్ళ సంగతి అడక్కుండా నోరు ఊరుకోదు. పైగా ఆమెకు మొక్కల పిచ్చి. డాబా మీద పెంచిన కుండీల్లో సగానికి సగం ఆమె చేతుల్లోనే ప్రాణం విడిచాయి. ఒకసారి చేలో వేసే ఎరువు గుప్పెడు తీసుకెళ్ళి గులాబీలకు వేస్తే వారం తిరిగేసరికి అన్నీ అగ్గిపుల్లలైపోయాయి. "మన డాబా కంటే శ్మశానం పచ్చగా ఉంటాదే," అని చంద్రమౌళి కొట్టుకొచ్చిన బేరగాళ్ళందరికీ చెప్పాడు. చంపి చంపి నేర్చుకున్నది మాత్రం మనిషి మరిచిపోదు. వైద్యమైనా అంతే, వ్యవసాయమైనా అంతే, కాపురమైనా అంతేనేమో.

"ఎక్కడికన్నయ్యా మొక్కని ఊరేగిస్తన్నావు?"

ముసలాయన తల ఎత్తి చూశాడు. ఆమె చేతి గాజులూ, ఒళ్ళో సంచీ చూసి, ఎవరింటి మనిషో పోల్చుకున్నట్టు, "గజపతినగరం అవతలికి సావుకారమ్మా," అన్నాడు. "మా యావిడ కన్నోరూరు. మా మరదలింటికాడ దీని తల్లిసెట్టు ఉన్నాది. ఇది దాని కొమ్మే. తల్లి కాడికి తీసుకెల్తే ఏటి జబ్బో తెలుస్తాదని."

జబ్బుచేసిన కూతుర్ని పుట్టింటికి తీసుకెళ్ళడం విన్నాం గాని, మొక్కను పుట్టింటికి తీసుకెళ్ళడం వినలేదు. అయినా మందారానికి పుట్టిల్లు ఎక్కడని? తూర్పు సముద్రాల దీవుల్లో ఎక్కడో మొలిచి, ఏ పడవ ఎక్కి ఏ రేవులో దిగిందో, మన పెరళ్ళలో పాతుకుపోయింది. అమ్మవారికి ఎర్రపూవైంది. ఆడపిల్లల తలంటుకు ఆకైంది. పరాయిదన్న మాట ఎవరికీ గుర్తులేదు. గంగులు, అంటే ఆ ముసలాయన, ఇంట్లో కూడా దాన్ని మొక్క అనరట. 'పిల్ల' అంటారట. పిల్లకి నీళ్ళు పోసినావా, పిల్ల ఈరోజు ఎన్ని పూసింది అని.

"మీ మరదల్ని ఫోన్లో అడిగితే సరిపోను కదా. ఇంత బరువు మోసుకుని..."

"నాకు టైము లేదు తల్లీ. రేపు మిషన్‌కి తీసుకెల్లాల దాన్ని."

"మొక్కనా?"

"మా తాతమ్మని."

తాతమ్మ ఆయన భార్య. గంగులుది ఉద్దానం. ఆ మాట వినగానే మిషన్ అంటే ఏమిటో పరమేశ్వరికి వేరే చెప్పనక్కర లేకపోయింది. ఆ పల్లెల్లో మూత్రపిండాల జబ్బు లేని వీధి తక్కువ. ఎందుకొస్తోందో పెద్దపెద్ద వాళ్ళు వచ్చి రక్తాలూ నీళ్ళూ మట్టీ పట్టుకెళ్ళి చూశారు. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు ఎండన్నారు. ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. మనుషులు వారానికి ఇన్నిసార్లని రక్తం కడిగించుకుంటూ బతుకుతారు, బతికినంతకాలం.

"మొన్నటి మిషన్‌కి రానన్నాది. రేపటిదీ రానంతంది," అన్నాడు గంగులు. "పిల్ల సిగురేస్తే వస్తాను, దాని ఆకులు మాడిపోతంటే నాకు మాత్రం ఎందుకు ఈ సూదులూ అంతంది. నానేటి సెయ్యను? ఎత్తుకెల్దామంటే నా సేతుల్లో సత్తువ లేదు. తిడితే నవ్వుతాది."

పరమేశ్వరి ఏదో అనబోయింది. అంతలో బస్సు కింద పెద్ద చప్పుడైంది.

రణస్థలం దాటిన తర్వాత రోడ్డు పక్కన ఒక టీ దుకాణం ముందు బస్సు ఆగిపోయింది. పేరులోనే యుద్ధమున్న ఊరు అది. ఎవరితో ఎవరు పోరాడారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఆ పూట మాత్రం డ్రైవరు బస్సు కిందికి దూరి ఇంజనుతో పోరాడి, ఓడిపోయి, నల్లటి చేతులతో బయటికి వచ్చాడు. వెనక బస్సు వచ్చేదాకా అందరూ దిగాల్సిందే. దుకాణం వెనక తాటాకు నీడలో ఒక బోరుపంపు ఉంది. గంగులు కుండీని దింపలేక అవస్థ పడుతుంటే పరమేశ్వరి ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ దాన్ని పంపు గట్టు మీద పెట్టారు.

"ఏదీ, పిల్లని సూడనీ."

ఆమె మొదట ఆకుల అడుగు తిప్పి చూసింది. మందారానికి పిండినల్లి పడితే ఆకు అడుగున దూదిలా అంటుకుంటుంది. లేదు. చీమల బారు కూడా లేదు. మాడింది కింది ముదురాకుల్లో ఎక్కువ, పైవాటిలో తక్కువ. కొసనుంచి మొదలై అంచు వెంబడే లోపలికి పాకుతోంది.

"ఎండలో పెట్టినావా? పడమటి గాలి కొడతాదా?"

"మంచం కాడే ఉంటాది. అరుగు మీద, నీడలో. దాని మొకం ఎదర."

"నీళ్ళు?"

"రోజూ పోస్తన్నాను."

పట్టా సందులోంచి మట్టిలోకి వేలు దించింది. బురదలా చల్లగా ఉంది. నీళ్ళు తక్కువైన చెట్టు కాదు. నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళిందేమో అనుకుంటూ గోనెపట్టా విప్పమంది. గంగులు పురికొస ముడి విప్పాడు. పట్టా జారేసరికి కుండీ బయటంతా, అంచు చుట్టూ, తెల్లగా పొక్కులు పొక్కులుగా ఏదో కట్టి ఉంది. సున్నం పూసిన పాతగోడ పెచ్చులూడినట్టుంది. మట్టి పైన కూడా పొరలా అదే తెలుపు. పరమేశ్వరి గోటితో కాస్త గీకి నాలుక కొసకు అంటించుకుని ఉమ్మేసింది.

"ఇది ఉప్పన్నయ్యా!"

గోటికి అంటిన తెలుపును ఆయనకు చూపించింది.

"మీ నుయ్యి ఉప్పునీరేటి?"

"కాదు తల్లీ. నూతినీరు తియ్యగానే ఉంటాది."

"మరి ఇంత ఉప్పు ఎక్కడిది? ఆకాశం నుంచి పడ్డాదేటి?"

"నానే ఏసినాను," అన్నాడు గంగులు, అందులో తప్పేముందన్నట్టు. "సెట్టు డీలాపడితే ఉప్పెయ్యరేటి? మా నాయన ఏసీవోడు, మా తాత ఏసీవోడు. కొబ్బరిసెట్టు మొదట్లో కల్లుప్పు పోస్తే ఆకు నిగనిగలాడతాది, కాయ నిండుతాది. ఆకు మాడతన్నాది కదాని గుప్పెడేసినాను. తగ్గనేదని మల్లీ ఏసినాను."

ఉద్దానంలో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఆ పని. గంగులుకు తెలిసిన చెట్టు కొబ్బరిచెట్టు. ఆయన బతుకంతా ఆ నీడనే జరిగింది. నడక నేర్చింది తోటలో, తాతమ్మ మెళ్ళో పుస్తె కట్టింది తోటలో వేసిన పందిట్లో. పిల్లలు కలగలేదు. చెట్లే పిల్లలనుకున్నారు. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఇద్దరూ వంటింటి మూల కూర్చుని, చెట్లు ఒక్కొక్కటే కూలుతున్న చప్పుడు వింటూ, అది ఏ చెట్టో పేరు పెట్టి చెప్పుకున్నారట. తెల్లారి చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయన కొన్నాళ్ళు విశాఖలో ఒక అపార్టుమెంటు కాపలా కాశాడు. తాతమ్మ ఒళ్ళు ఉబ్బడం మొదలయ్యాక తిరిగొచ్చాడు. ఆమె కన్నవారింటి నుంచి తెచ్చి పాతిన కొమ్మ ఒక్కటే అప్పటికి ఆ ఇంట్లో పచ్చగా ఉన్న ప్రాణి.

"సముద్రం గాలి తాగి పెరిగిన కొబ్బరికీ దీనికీ ఒకటే వైద్యమేటయ్యా? కొబ్బరికి అరుగుతాది. దీనికి ఉప్పు పడితే వేరు నీళ్ళు తాగలేదు. మట్టి నిండా నీళ్ళుండి దాహంతో సస్తాది. మొదట ఆకు కొసలు మాడతాయి."

"మరేటి సెయ్యాల?"

"కడగాల. ఉప్పంతా కిందకి దిగి పోయేదాకా మంచినీళ్ళు పొయ్యాల, వదిలెయ్యాల, మళ్ళీ పొయ్యాల."

పంపు కొట్టి, దోసిట్లో పట్టి, ముందు తాను రుచి చూసింది. నీళ్ళు బాగానే ఉన్నాయి. దుకాణంవాణ్ణి అడిగి ప్లాస్టిక్ చెంబు తెచ్చింది. మట్టిపైన కట్టిన తెల్లపొరను పుల్లతో గీకి పారేసి, చెంబుతో నెమ్మదిగా పోసింది. నీళ్ళు పైన నిలబడిపోయాయి. కిందికి దిగవు. కుండీని పక్కకు వంచి చూస్తే అడుగు కన్నం పూడుకుపోయి ఉంది. వేళ్ళూ మట్టీ పిండిలాంటి ఏదో జిగురూ కలిసి బిరడాలా బిగిసింది.

"ఈ జిగురేటి?"

"అంబలి."

"మొక్కకి అంబలి పోసినావా!"

గంగులు పుల్ల అందుకుని కన్నంలో పొడవడం మొదలుపెట్టాడు. ముఖం కనబడకుండా వంగి, పొడుస్తూనే చెప్పాడు. రోజూ పొద్దున చోడిపిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాస్తాడు. తాతమ్మకు గ్లాసుడు ఇస్తాడు. ఆమె సగం తాగి, ఇక సహించదంటుంది. "పిల్లకి పోసీ," అంటుంది. పారబొయ్యడం ఎందుకని ఆయన కుండీలో పోస్తాడు. ఆమె తాగేది రాన్రానూ తగ్గింది, కుండీలోకి పోసేది రాన్రానూ పెరిగింది.

"అంబల్లో కూడా ఉప్పేస్తావా?" అంది పరమేశ్వరి. అడిగాక ఆ మాట తానే విని ఆగిపోయింది. మిషన్ మీదికి వెళ్ళే మనిషికి అన్నిటికంటే ముందు మాన్పించేది ఉప్పేనని నరసన్నపేటలో ఆమె కొట్టుకు వచ్చేవాళ్ళలో ఎంతమంది చెప్పలేదు?

కన్నంలోంచి బిరడా ఊడింది. నీళ్ళు బుళుక్కుమని దిగాయి. ముందు నల్లగా, తర్వాత పాలు విరిగినట్టు తెల్లగా, గట్టు మీంచి జారి కాలవలోకి పోయాయి. గంగులు ఆ నీళ్ళకేసి చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

"డాక్టరు ఎయ్యొద్దన్నాడు," అన్నాడు. "మొదట్లో ఎయ్యనేదు. ఆ సప్పిడికూడు నోట్లో పెట్టుకుని దూడలా నా మొకం సూసీది. మింగీది కాదు. మూడు పూటలు పస్తుంటే ఎవులు సూడగలరు సావుకారమ్మా? ఓపాలి సిటికెడు ఏసినాను. తాగింది. నా ఏపు సూసింది. నానూ సూసినాను. ఇద్దరం ఏటీ అనుకోనేదు. అప్పట్నించి ఏస్తన్నాను."

"అక్కడ నర్సులు అడగరేటి?"

"ఎందుకడగరు? ఒళ్ళంతా నీరు పట్టేస్తన్నాది, ఉప్పు తింతన్నావా ముసిల్దానా అని కేకలేస్తారు. లేదమ్మా అంతాది. నాను పక్కనే నిలబడతాను. నా మొగుడు పెడతన్నాడని ఒక్కపాలి అనొచ్చు కదా. అందు. తిట్లన్నీ అదే పడతాది."

పరమేశ్వరి ఇంకో చెంబు పోసింది. ఏమనాలో తోచనప్పుడు చేతికి ఒక పని ఉండడం అదృష్టం. దుకాణం ముందు ప్రయాణికులు టీలు తాగుతూ వెనక బస్సును తిడుతున్నారు. ఎవరో, "వైద్యం అవుతున్నాదేటి మందారమ్మకి? సెలైను ఎక్కించండి!" అని కేకేశారు.

"మాడిన కొసలు మళ్ళీ పచ్చబడతాయా?" అన్నాడు గంగులు.

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "పడవన్నయ్యా. మాడింది మాడిందే. ఇప్పుడు ఉప్పు పోతే కొత్త సిగురు మంచిగా వస్తాది. దానికి టైము పడతాది. ఎరువులూ అంబళ్ళూ ఏమీ పెట్టకుండా ఓపిక పట్టాల."

"రేపటికి రాదు."

"రేపటికి ఎలా వస్తాది?"

ఆయన తల ఊపాడు. కారే నీళ్ళు చూపించి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు: "సెట్టుకి ఇలా కడిగీసినావు. మనిషికి ఎలా కడుగుతారు తల్లీ?"

"మనిషికి దేవుడే పెట్టినాడు కదా దారి. మూత్రంలో పోతాది..." అలవాటుగా అనేసింది పరమేశ్వరి.

"దానికి ఆ దారే మూసుకుపోయింది కదా," అన్నాడు గంగులు. "అందుకే కదా మిషను. మిషన్‌కి రానంటే, నాను పోసిందంతా లోపలే ఉన్నాది."

నీళ్ళు చుక్కలు చుక్కలుగా తగ్గాయి. పరమేశ్వరి చెంబు గట్టు మీద పెట్టేసింది.

గంగులు ఉలిక్కిపడ్డట్టు లేచి జేబులోంచి ఫోను తీశాడు. వేళ్ళు తడిగా ఉండి మీట పడలేదు. పంచెకు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. "పొద్దున కుండడు అంబలి కాసి ఎట్టినాను," అన్నాడు ఎవరికో చెబుతున్నట్టు. "సాయంత్రందాకా సాలాలని. నాను ఉండను కదాని రుసికి కుంచెం ఎక్కువే..."

అవతల ఫోను తీసింది దేముడమ్మ, తాతమ్మకు తోడుగా ఉంచి వచ్చిన పక్కింటామె. ఆ గొంతు బయటివాళ్ళకు కూడా వినిపించేంత పెద్దది.

"బావా! ఎల్లిపోనావేటి గజపతినగరం?"

"దేముడమ్మా, ఆ అంబలి దానికి ఎట్టకే. పారబోసీ."

"పారబొయ్యడానికి ఏటి మిగిలిందని? ఇయ్యాల మీ యావిడకి ఏ దేవుడు పూనినాడో, కుండ ఊడ్సీసినాది! ఇంకా ఉన్నాదేటి అని అడిగినాది. మా బావ సేతివంట కదా, మా సేతి కూడైతే మూతి తిప్పుకుంతాది." దేముడమ్మ నవ్వింది.

"కాళ్ళు ఎలాగున్నాయి?"

"కాళ్ళు అలాగే ఉన్నాయి. మొకం కూడా కుంచెం ఉబ్బినట్టున్నాది. పడుకోలేను, కూకోబెట్టమన్నాది. గోడకి జేరేసి కూకోబెట్టినాను. ఊపిరి కుంచెం పొట్టిగా తీస్తన్నాది గానీ, మాటాడతన్నాది."

పరమేశ్వరి ముందుకొచ్చి ఫోను దగ్గర వంగింది. "అమ్మా, మాటలొద్దు, 108కి ఫోన్ సెయ్యి. బేగి ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"ఎవులు బావా ఆ యమ్మ?"

"సెప్పినట్టు సెయ్యే!" గంగులు అరిచాడు.

అవతల ఫోను పక్కన పెట్టినట్టుంది. మంచం కిర్రుమన్న చప్పుడు, ఎవరో ఎవరినో అడుగుతున్న చప్పుడు. తర్వాత దేముడమ్మ గొంతు తగ్గి వినిపించింది. "రానంతంది బావా. కొట్టినా రానంతంది. పిల్ల సిగురేసిందేటి, కనుక్కో అంతంది. ఏటి సెప్పమన్నావు?"

గంగులు మందారంకేసి చూశాడు. చిగురు ఉండవలసిన చోట కొమ్మ కొస కూడా గోధుమరంగే. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల "బావా, బావా" అంటోంది. ఏమీ చెప్పకుండా మీట నొక్కి ఫోను జేబులో వేసుకున్నాడు.

"అన్నయ్యా, సిగురేసిందని సెప్పీ," అంది పరమేశ్వరి. "అబద్ధమైనా సెప్పీ. ముందు బండెక్కితే తర్వాత సూసుకోవచ్చు. మళ్ళీ ఫోన్ సెయ్యి."

"దానికి నాను అబద్ధం సెప్తే తెలిసిపోతాది," అన్నాడు. "నలభయ్యేళ్ళ కాపురం."

వెనక బస్సు వచ్చింది. ఆగీ ఆగకముందే జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. పాత బస్సు కండక్టరు, "మందారం తాతా, రావాల! ఈసారి నీ మొక్కకి టిక్కెట్టు అడగను," అని పిలిచాడు. పరమేశ్వరి తన సంచీ తెచ్చుకోవడానికి దుకాణం ముందుకు నాలుగడుగులు వేసింది. ఏదో ఒకటి చెయ్యాలి, విజయనగరంలో తన కళ్ళడాక్టరు పని పోతే పోయింది, శ్రీకాకుళం వైపు వెళ్ళే ఆటోనో కారో ఆపి ఈయన్ని ఎక్కించాలి అనుకుంటూ సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

పంపు గట్టు మీద కుండీ లేదు. తడి గుండ్రం మాత్రం ఉంది, దాని పక్కన గోనెపట్టా.

గంగులు అప్పటికే రోడ్డు దాటాడు. లారీలు రెండు వైపులా హోరుమంటూ పోతున్నాయి. ఎలా దాటాడో ఎవరూ చూడలేదు. కుండీ భుజం మీద ఉంది. అవతలి వైపున బస్సాగే చోటు ఉంది, రేకుల నీడ ఉంది, అక్కడ నలుగురు నిలబడి కూడా ఉన్నారు. ఆయన అక్కడ ఆగలేదు. దాన్ని దాటుకుని శ్రీకాకుళం దిక్కుగా రోడ్డు అంచు పట్టుకుని నడుస్తున్నాడు, ఉద్దానం అక్కడికి ఎంత దూరమో తెలియనివాడిలా.

"అన్నయ్యా! గంగులన్నయ్యా! ఆగు, ఏదైనా బండి ఆపుతాను!"

లారీ హారను ఆ పిలుపును మింగేసింది. ఆమె ఇంకోసారి పిలిచింది. ఆయన నడక వేగం మారలేదు. కుండీ కన్నంలోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. చొక్కా వీపు సగందాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. భుజం మార్చుకోవడానికి ఒక్కసారి ఆగి, మొక్కను రెండో వైపుకు తిప్పుకుని, మళ్ళీ నడిచాడు.